చిన్న బొమ్మల ఫొటోలకి లైటింగ్: ముందు ఒక లైటు ఆర్పేయండి

మీరు చెప్పింది క్లుప్తంగా ఇదీ: బొమ్మలన్నీ 8 సెంటీమీటర్ల లోపువే. కొన్ని రంగులేసిన రెసిన్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) బొమ్మలు, కొన్ని గ్లేజ్ (గాజులాంటి మెరుపు పూత) ఉన్న పింగాణీవి. తెల్లగుడ్డ గోడలున్న చిన్న డబ్బాలాంటి లైట్ టెంటులో పెట్టి, అటొకటి ఇటొకటి ఎల్ఈడీ లైట్లు వేసి, గదిలో ట్యూబ్‌లైట్ కూడా ఉంచి ఫోనుతో తీస్తున్నారు. బొమ్మ మాత్రం అట్ట మీద అంటించిన స్టిక్కర్‌లా చప్పగా వస్తోంది. పింగాణీ మీద రెండు తెల్ల చుక్కలు పడుతున్నాయి. తెల్లగా ఉండాల్సిన బ్యాక్‌గ్రౌండ్ మాసిన గుడ్డ రంగులో కనిపిస్తోంది. మూడో లైటు కొంటే బాగుపడుతుందా అని అడిగారు.

కొనకండి. ఉన్న రెండింట్లో ఒకటి ఆర్పేయండి, ట్యూబ్‌లైట్ కూడా ఆర్పేయండి. మీ బొమ్మకి వెలుగు సరిపడా ఉంది, లేనిదల్లా నీడే.

బొమ్మని ఎదురుగా పెట్టుకుని చూసేటప్పుడు రెండు కళ్లూ కలిసి లోతు చెప్పేస్తాయి, తల కాస్త కదిపినా దాని గుండ్రదనం తెలిసిపోతుంది. ఫొటోలో ఆ సౌకర్యం లేదు. అక్కడ బుగ్గ గుండ్రంగా ఉందనీ, చెయ్యి ఒంటికి దూరంగా ఉందనీ చెప్పేది వెలుగు నుంచి చీకటికి క్రమంగా మారే ఆ మార్పు ఒక్కటే. రెండు పక్కల నుంచీ సమానమైన లైట్లు పడితే ఒకదాని నీడని ఇంకోటి తుడిచేస్తుంది. మిగిలిన కాస్తా టెంటు తెల్లగోడలు చెరిపేస్తాయి. లైట్ టెంటు చెడ్డదని కాదు. అమ్మకానికి పెట్టే సరుకు రంగు, ఆకారం, లేబుల్ స్పష్టంగా కనిపిస్తే చాలు అనుకునే పనికి అది బాగానే ఉంటుంది. కానీ బొమ్మలో మనకి కావాల్సింది బట్ట మడతలు, వేళ్ల మధ్య సందులు, దవడ గీత. వాటిని చూపించేది నీడే.

ఇప్పుడు ఏదీ కొనకుండా చేయగలిగిన పని ఒకటి చెప్తాను. గది చీకటి చేయండి. బొమ్మని టెంటులోంచి తీసి బల్ల మీద పెట్టండి. ఫోనుని స్టాండుకి బిగించి బొమ్మ వైపు తిప్పి, మీరు స్క్రీన్ మాత్రమే చూస్తూ ఉండండి. ఒక చేత్తో చిన్న టార్చి పట్టుకుని, ఫోను ఉన్నచోటు నుంచి మొదలుపెట్టి, బొమ్మ చుట్టూ నెమ్మదిగా తిప్పండి. ఎత్తు బొమ్మ తల కన్నా కొంచెం పైన. ఫోను పక్కనే టార్చి ఉన్నప్పుడు ముఖం మొత్తం తెలుస్తుంది కానీ ముక్కు ఉందో లేదో తెలియదు. పక్కకి జరిపేకొద్దీ ముక్కు నీడ పొడుగవుతూ బుగ్గ మీదికి వస్తుంది. 45 డిగ్రీలు దాటాక అది బుగ్గ నీడతో కలిసి, దూరపు కంటి కింద చిన్న వెలుగు ముక్కని మిగులుస్తుంది. సరిగ్గా పక్కకి వచ్చాక ముఖం సగానికి కోసినట్టు అవుతుంది, కుంచె గీతలు, అచ్చు అతుకులు, దుమ్ము అన్నీ పైకి లేస్తాయి. ఇంకా వెనక్కి వెళ్తే ముఖం చీకటైపోయి, భుజాల మీద, జుట్టు మీద, చేతి అంచు మీద సన్నని వెలుగు గీత వస్తుంది.

చాలామంది ముందు సగం చక్రంలోనే ఆగిపోతారు. నా ఉద్దేశంలో చిన్న బొమ్మలకి మంచి చోటు పక్క నుంచి కొంచెం వెనక్కి జరిగిన తర్వాతే ఉంటుంది. ఫోను 6 గంటల దగ్గర ఉందనుకుంటే లైటు 10 గంటల దగ్గర, లేదా 2 గంటల దగ్గర. అప్పుడు బొమ్మ ఆకారం బ్యాక్‌గ్రౌండ్ నుంచి విడిపడుతుంది, మడతలన్నీ లోతుగా కనిపిస్తాయి. ముఖం చీకట్లో పడుతుంది కదా అంటారు. పడుతుంది. దానికి లైటు అక్కర్లేదు, ఒక తెల్లట్ట చాలు.

ఇదేమీ కొత్త సంగతి కాదు. కాగితం మీద ఫొటో తీసే పద్ధతి కనిపెట్టినవాళ్లలో ఒకడైన విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1840లలోనే ప్లాస్టర్ విగ్రహాల ఫొటోలు తీశాడు. విగ్రహం కదలదు, తెల్లగా ఉంటుంది, ఎంతసేపు ఎక్స్‌పోజర్ ఇచ్చినా ఓపిగ్గా నిలబడుతుంది. వెలుగు వచ్చే దిక్కు మార్చినా, విగ్రహాన్ని పీఠం మీద తిప్పినా లెక్కలేనన్ని రూపాలు వస్తాయని, ఎండలో నీడలు మరీ గట్టిగా ఉంటే పక్కన ఒక తెల్లగుడ్డ పట్టుకోవాలని ఆయన అప్పుడే రాసి పెట్టాడు. మీరు ఇప్పుడు చేయబోయేదీ అదే.

ఆ తెల్లట్ట సంగతి. డ్రాయింగ్ షీటు ముక్క కానీ, థర్మోకోల్ ముక్క కానీ, బొమ్మ ఎత్తుకి రెండింతలు ఉంటే చాలు. లైటుకి ఎదురు పక్కన, ఫోను వైపుకి కాస్త వంచి నిలబెట్టండి. దాన్ని బొమ్మకి దగ్గర చేస్తే నీడ తేటపడుతుంది, దూరం చేస్తే చిక్కబడుతుంది. ఇంత సులువుగా పనిచేసే రిమోట్ ఇంకోటి లేదు. స్క్రీన్ చూస్తూ అట్టని అంగుళం అంగుళం జరపండి. నీడలో ఉన్న కన్ను కనపడటం మొదలవగానే ఆపేయండి. ఇంకా జరిపితే మళ్లీ టెంటులోకి వెళ్లినట్టే. కొన్ని ముఖాలకి అట్ట అసలు లేకపోతేనే బాగుంటుంది, ముఖ్యంగా యోధుల బొమ్మలకీ ముసలి ముఖాలకీ.

టోపీ గానీ కిరీటం గానీ ఉన్న బొమ్మల కళ్లు చీకటి గుంటలవుతాయి. పైనుంచి ఎంత వెలుగు పోసినా ఆ అంచు అడ్డుపడుతుంది కాబట్టి వెలుగు కిందనుంచి రావాలి. ఫ్రేములో పడకుండా బొమ్మ పాదాల ముందు తెల్ల కాగితం ముక్క పడుకోబెట్టండి. చాలకపోతే అల్యూమినియం ఫాయిల్‌ని నలిపి, మళ్లీ సాపు చేసి, అట్టకి అంటించి వాడండి. నలపకుండా వాడితే ముఖం మీద మచ్చలు మచ్చలుగా వెలుగు పడుతుంది. గోరంత అద్దం ముక్క ఉంటే ఇంకా సరదా. లైటుని దాంట్లో పట్టి సరిగ్గా ముఖం మీదికే కొట్టొచ్చు. నిజం మనుషుల ఫొటోలకి దీనికోసం ప్రత్యేకంగా ఒక లైటూ, దానికో గొట్టమూ కావాలి. బొమ్మలు తీసేవాళ్లకి ఉన్న సుఖాల్లో ఇదొకటి.

ఇక మెత్తటి వెలుగు (నీడ అంచు మెల్లగా కరిగిపోయేది), గట్టి వెలుగు (నీడ అంచు పదునుగా ఉండేది). "సాఫ్ట్ లైట్ కావాలంటే పెద్ద సాఫ్ట్‌బాక్స్ కొనండి" అని అందరూ చెప్తారు. సాఫ్ట్‌బాక్స్ అంటే ముందు తెల్లగుడ్డ కట్టిన డబ్బాలాంటి లైటు. పెద్దది అంటే దేనితో పోలిస్తే? వెలుగు మెత్తదనం లైటు అసలు సైజు మీద ఆధారపడదు. బొమ్మ ఉన్నచోటు నుంచి చూస్తే అది ఎంత పెద్దగా కనిపిస్తోంది అన్నదే లెక్క. సూర్యుడు అంతటివాడైనా మనకి కనిపించేది అర డిగ్రీ మేరకే, అందుకే ఎండ నీడ అంచు కత్తిరించినట్టు ఉంటుంది. 8 సెంటీమీటర్ల బొమ్మకి 15 సెంటీమీటర్ల దూరంలో పెట్టిన ఏ4 సైజు ట్రేసింగ్ పేపరు ఆకాశమంత పెద్ద లైటు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది, దీని గురించి ఎక్కువమంది మాట్లాడరు. ఒక మనిషి ముఖం 20 సెంటీమీటర్లు ఉంటుందనుకుందాం. దానికి 60 సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్స్ మీటరు దూరంలో పెడితే అందరికీ నచ్చే మామూలు పోర్ట్రెయిట్ వెలుగు వస్తుంది. మీ బొమ్మ ముఖం సుమారు 1 సెంటీమీటరు. అంటే లెక్కంతా 20 రెట్లు తగ్గాలి: 3 సెంటీమీటర్ల లైటు, 5 సెంటీమీటర్ల దూరం. అంత దగ్గర పెట్టడం కష్టం కాబట్టి అదే నిష్పత్తిలో 6 సెంటీమీటర్ల లైటు 10 సెంటీమీటర్ల దూరంలోనో, 12 సెంటీమీటర్లది 20 సెంటీమీటర్ల దూరంలోనో పెట్టొచ్చు. మెత్తదనం ఒకటే. మీ టెంటు గోడ ఒక్కోటీ 30, 40 సెంటీమీటర్లు ఉంటుంది, అదీ బొమ్మకి జానెడు దూరంలో. మనిషి లెక్కలోకి మారిస్తే ఇంటి గోడంత లైటు పక్కనే నిలబెట్టినట్టు. బొమ్మ బొమ్మలా కనిపించడానికి సగం కారణం ఈ అతి మెత్తదనమే. అది నిజం మనిషంత ఉన్నట్టు అనిపించాలంటే లైటు కూడా దాని సైజుకి తగ్గాలి.

అందుకని నేను వాడేది ఇలా ఉంటుంది. ఒక నల్ల అట్ట తీసుకుని మధ్యలో 7 సెంటీమీటర్ల చదరపు కిటికీ కోయాలి. దానికి వెనక ట్రేసింగ్ పేపరు అంటించాలి. ఈ అట్టని బొమ్మకి 12 సెంటీమీటర్ల దూరంలో నిలబెట్టి, వెనక ఎల్ఈడీ లైటుని ఇంకో జానెడు దూరంలో పెట్టాలి. ఇప్పుడు మీ చేతిలో ఒక చిన్న సాఫ్ట్‌బాక్స్ ఉన్నట్టే. ట్రేసింగ్ పేపరు వెనక లైటుని దగ్గరికి తెస్తే కిటికీ నడిమధ్య మాత్రమే వెలిగి, అంచులు మసకేసి, వెలుగు గట్టిపడుతుంది. దూరం జరిపితే కిటికీ మొత్తం సమానంగా వెలిగి మెత్తబడుతుంది. రెండో పొర పేపరు వేస్తే మరింత మెత్తబడుతుందనుకుంటారు. కిటికీ అప్పటికే నిండుగా వెలుగుతుంటే అది వెలుగు తగ్గించడం తప్ప పెద్దగా చేసేదేమీ లేదు. ఒక్క జాగ్రత్త: హాలోజన్ బల్బులాంటి వేడెక్కే లైటు దగ్గర కాగితం పెట్టకండి, అంటుకుంటుంది. ఎల్ఈడీ అయినా పెద్దదైతే అప్పుడప్పుడు చెయ్యి పెట్టి చూడండి.

దూరం గురించి ఇంకో మాట. చిన్న లైటు నుంచి దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు అవుతుంది, ఫొటో భాషలో 2 స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది). బల్ల మీద ఇది చాలా ఘాటుగా పనిచేస్తుంది. లైటు బొమ్మకి 15 సెంటీమీటర్ల దూరంలో, బ్యాక్‌గ్రౌండ్ లైటుకి 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే బ్యాక్‌గ్రౌండ్ మీద పడేది బొమ్మ మీద పడేదాంట్లో పదహారో వంతు. అంటే తెల్ల కాగితం కూడా ముదురు బూడిదరంగులోకి పోతుంది. అదే లైటుని బొమ్మకి 60, బ్యాక్‌గ్రౌండ్‌కి 105 సెంటీమీటర్ల దూరంలో పెడితే దాదాపు మూడో వంతు పడుతుంది. పెద్ద డిఫ్యూజర్ (ట్రేసింగ్ పేపరులా వెలుగుని పరిచే తెర) బాగా దగ్గరగా ఉంటే ఈ తగ్గుదల ఇంత వేగంగా ఉండదు, కానీ పద్ధతి అదే. బ్యాక్‌గ్రౌండ్ చీకటి కావాలంటే లైటు దగ్గరికి, తేట కావాలంటే దూరానికి. కాగితం రంగు మార్చే ముందు దూరం మార్చి చూడండి. మరీ దగ్గర చేస్తే ఇంకో తంటా: 6 సెంటీమీటర్ల వెడల్పు బొమ్మకి లైటు 6 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఇటు భుజం వెలుగు ఎక్కువై తెల్లగా వెలిసిపోతుంది, అటు భుజానికి నాలుగో వంతే చేరుతుంది.

రెసిన్ బొమ్మల గురించి ఒక ముఖ్యమైన విషయం. మినియేచర్లకి రంగులేసేవాళ్లలో చాలామంది ముందు నల్ల ప్రైమర్ (రంగుల కింద వేసే తొలి పూత) కొట్టి, దాని మీద పైనుంచి మాత్రమే తెల్ల ప్రైమర్ చల్లుతారు. జెనిథల్ అంటారు దీన్ని. అలా చేయనివాళ్లు కూడా మడతల కింద ముదురు రంగు, మడతల మీద లేత రంగు వేస్తారు. అంటే ఆ బొమ్మ మీద పైనుంచి పడే వెలుగు ఒకటి ముందే రంగుతో వేసి ఉంది. మీరు ప్రధానమైన లైటునే కిందనుంచి వేస్తే అసలు నీడా, వేసిన నీడా ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. ముఖం గజిబిజిగా కనిపిస్తుంది, కారణం వెతికినా దొరకదు. అందుకే రంగులేసిన బొమ్మలకి లైటు ఎప్పుడూ తల కన్నా ఎత్తులో ఉండాలి, 10 గంటల దగ్గరైనా సరే. ఎవరైనా ఒక పక్కకే వెలుగు వచ్చేలా రంగులేసి ఉంటే, ఆ పక్కనే లైటు పెట్టండి. రంగేసినవాళ్లతో పోట్లాడి గెలవలేం.

పింగాణీ బొమ్మలకి పై లెక్క సగమే పనికొస్తుంది. గ్లేజ్ ఉన్న ఉపరితలం కొంత అద్దమే. మీకు కనిపించే రెండు తెల్ల చుక్కలు మీ రెండు ఎల్ఈడీల ప్రతిబింబాలు, అంతకుమించి ఏమీ లేదు. చదునైన అద్దం అయితే లైటుని కాస్త జరిపి ప్రతిబింబాన్ని ఫ్రేములోంచి తప్పించొచ్చు. గుండ్రటి బుగ్గ, పొట్ట, భుజం అలా కాదు. ఉబ్బెత్తు ఉపరితలంలో దాదాపు గదంతా చిన్నదై కనిపిస్తుంది, మీరు లైటు ఎక్కడ పెట్టినా దాని మెరుపు ఎక్కడో ఒకచోట పడి తీరుతుంది. కాబట్టి మెరుపుని పోగొట్టాలని టెన్షన్ పడకండి. దాని ఆకారం, అంచు మన చేతిలో ఉన్నాయి, వాటి మీద పని చేద్దాం.

ఇక్కడ చిన్న కిటికీ వద్దు. ఏ4 సైజు ట్రేసింగ్ పేపరు తీసుకుని, బొమ్మకి పక్కన, కొంచెం పైన, బొమ్మ మీదికి వంగినట్టు పెట్టండి. ఫ్రేములో పడేంత దగ్గరగా తెచ్చి, ఒక్క వేలు వెనక్కి జరపండి. ఇప్పుడు దాని వెనక లైటుని పేపరు మధ్యలో కాకుండా పై మూలకి గురిపెట్టండి. పేపరు మీద వెలుగు ఆ మూలలో ఎక్కువగా ఉండి, కిందికి వచ్చేసరికి మెల్లగా ఆరిపోవాలి. పింగాణీ భుజం మీద ఇప్పుడు కనిపించేది చుక్క కాదు, ఒక పక్క తెల్లగా మొదలై ఇంకో పక్క గ్లేజ్ రంగులో కలిసిపోయే పొడవాటి పట్టీ. లైటు పేపరు మధ్యలో సమానంగా పడితే ఆ పట్టీ నాలుగు వైపులా గీత గీసినట్టు దీర్ఘచతురస్రంగా కనిపించి, పేపరు అతికించినట్టు ఉంటుంది. తేడా అంతా ఆ ఆరిపోయే అంచులోనే ఉంది. ఒక్కసారి వచ్చిందంటే పింగాణీ పింగాణీలా కనిపించడం మొదలవుతుంది.

తెల్ల పింగాణీని తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ముందు తీస్తే అంచులు కరిగిపోతాయి. రెండు పక్కలా ఫ్రేము బయట, వీలైనంత దగ్గరగా, సన్నని నల్ల అట్టలు నిలబెట్టండి. బొమ్మ అంచులు ఆ నలుపుని ప్రతిబింబించి, పెన్సిలుతో గీసినట్టు సన్నని గీత వస్తుంది. తెల్లట్ట నీడని తేట చేస్తుందని అందరికీ తెలుసు, నల్లట్ట విలువ మాత్రం తెలిసింది తక్కువమందికి. మీ దగ్గర రెండూ సమానంగా ఉండాలి. అవసరమైతే గదిలో మీ తెల్ల చొక్కా కూడా మార్చుకోండి, అది కూడా పింగాణీలో కనిపిస్తుంది.

కంచు, ఇత్తడి బొమ్మలు ఎప్పుడైనా తీస్తే ఇదే పద్ధతి ఇంకా గట్టిగా వర్తిస్తుంది. మెరుగు పెట్టిన లోహానికి మనకి కనిపించే సొంత వెలుగంటూ దాదాపు ఏమీ ఉండదు, చుట్టూ ఏది పెడితే అదే దాని మీద కనిపిస్తుంది. గాజు బొమ్మలకి లైటు వెనక నుంచి రావాలి, దాని గురించి విడిగానే మాట్లాడుకోవాలి.

పోలరైజర్ ఫిల్టర్ (ఒకే దిక్కులో ఊగే వెలుగుని మాత్రమే వదిలే గాజు) కొనమని ఎవరైనా చెప్తారు, అందుకే ముందే చెప్తున్నా. అది పింగాణీ, ప్లాస్టిక్, వార్నిష్ మీది మెరుపుని తగ్గించగలదు. కానీ పూర్తిగా ఆపేది ఒక్క కోణంలోనే. ఉపరితలానికి లంబంగా గీత గీస్తే దాంతో దాదాపు 56 డిగ్రీల కోణంలో వచ్చే మెరుపుని. గుండ్రటి బొమ్మ మీద ఆ కోణం ఒక చిన్న ముక్కకే కుదురుతుంది. మామూలు లైటు కింద లోహం మీది మెరుపుని అది ఆపలేదు. లైటుకి కూడా పోలరైజర్ షీటు వేసి, లెన్స్ మీది ఫిల్టర్‌ని అడ్డంగా తిప్పితే మెరుపంతా పోతుంది, లోహం మీద కూడా. వేసిన రంగుల్ని రికార్డు చేసుకోవడానికి అది మంచి పద్ధతి. అందానికి మాత్రం వద్దు, పింగాణీ ఎండిన మట్టిలా తయారవుతుంది.

మీ మాసిన బ్యాక్‌గ్రౌండ్‌కి రెండు కారణాలు ఉన్నాయి. ఒకటి, పైన చెప్పిన దూరం లెక్క. రెండు, ఫ్రేము నిండా తెలుపు ఉంటే కెమెరా దాన్ని మధ్యరకం బూడిదరంగుకి దించేస్తుంది. తెల్ల బొమ్మ, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ అయితే ఎక్స్‌పోజర్‌ని +1 దాకా పెంచాలి, అంతా నలుపైతే −1 దాకా తగ్గించాలి. మచ్చలేని తెలుపే కావాలంటే, ఇందాక ఆర్పిన రెండో లైటుకి ఇక్కడ పని ఉంది. దాన్ని బొమ్మ వెనక, బ్యాక్‌గ్రౌండ్ వైపు తిప్పి పెట్టండి, బొమ్మ మీద ఒక్క చుక్క కూడా పడకుండా నల్లట్ట అడ్డం పెట్టండి. మరీ ఎక్కువైతే తెలుపు పొంగి బొమ్మ అంచుల్ని తినేస్తుంది. నన్నడిగితే స్వచ్ఛమైన తెలుపు కంటే, ఒక మూల తేటగా మొదలై ఇంకో మూల ముదిరే బూడిద రంగే చిన్న బొమ్మలకి నప్పుతుంది. బొమ్మ వెలుగు పక్క ముదురు మీదికీ, నీడ పక్క తేట మీదికీ వచ్చేలా చూసుకోండి. చార్ట్ పేపరుని మడత పడకుండా గోడ నుంచి బల్ల మీదికి వంచి పరిస్తే సరిపోతుంది. నల్ల బ్యాక్‌గ్రౌండ్‌కి చార్ట్ కన్నా వెల్వెట్ గుడ్డ మంచిది. నల్ల చార్టు పక్క వెలుగుకి బూడిదరంగులో మెరుస్తుంది.

ఇప్పుడు ఫోను. మీరు కష్టపడి నిలబెట్టిన నీడకి పెద్ద శత్రువు అదే. ఆటోమేటిక్ మోడ్‌లో నీడ కనపడగానే, ఫోనులో వెలుగు నీడల తేడా తగ్గించే ఏర్పాటైన హెచ్‌డీఆర్ దాన్ని తేట చేసేస్తుంది, వెలుగుని దించేస్తుంది, చివరికి అంతా ఒకే మట్టానికి వస్తుంది. ప్రో మోడ్ ఉంటే అందులోకి వెళ్లి ఐఎస్ఓ (సెన్సర్ వెలుగుకి ఎంత స్పందించాలో చెప్పే అంకె) 50 లేదా 100 పెట్టి, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా వచ్చేలా రంగు సరిచేసే అమరిక) లాక్ చేసి, రా ఫైలు (ఫోను మెరుగులు దిద్దని ఫొటో) తీయండి. లేకపోతే బొమ్మ ముఖం మీద వేలు నొక్కి పట్టుకుని ఫోకస్ లాక్ చేసి, ఎక్స్‌పోజర్‌ని కిందికి లాగండి. పోర్ట్రెయిట్ మోడ్ వద్దు, ఈటెలు, వేళ్లు, జుట్టు పోగులు కోసేస్తుంది. ఇంకో మోసం ఏమిటంటే, బాగా దగ్గరికి వెళ్తే చాలా ఫోన్లు తమంతట తామే వెడల్పు లెన్స్‌కి మారి మ్యాక్రో అంటాయి. అప్పుడు ఫోను బొమ్మకి రెండు మూడు వేళ్ల దూరంలో ఉంటుంది, ముక్కు పెద్దదవుతుంది, ఫోను నీడే బొమ్మ మీద పడుతుంది. ఆ మోడ్ ఆపేసి, 2ఎక్స్ లేదా 3ఎక్స్ పెట్టి, ఫోకస్ దొరికేంత వెనక్కి వచ్చి తీసి, తర్వాత క్రాప్ చేసుకోండి. లెన్స్ ఎత్తు బొమ్మ ఛాతీకో కళ్లకో సమానంగా ఉండాలి. 8 సెంటీమీటర్ల బొమ్మకి అంత కిందికి స్టాండు దిగదు కాబట్టి ఫోనుని తలకిందులుగా పెట్టండి, లెన్స్ బల్లకి దగ్గరవుతుంది. పైనుంచి వంగి తీసిన ఫొటోలో ఎంత మంచి లైటింగ్ ఉన్నా అది బల్ల మీది బొమ్మే.

కెమెరాకి మారితే ఫోకస్ లోతు సమస్య మొదలవుతుంది. పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్ ఫ్రేమ్ కెమెరా అడ్డంగా పట్టుకుని 8 సెంటీమీటర్ల బొమ్మ ఎత్తు ఫ్రేము నిండేలా తీస్తే, ఎఫ్/11 (లెన్స్ రంధ్రం సైజు, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది) దగ్గర కూడా స్పష్టంగా ఉండేది దాదాపు 1 సెంటీమీటరు మందమే. ఎఫ్/4 దగ్గర 3, 4 మిల్లీమీటర్లు. ముక్కు స్పష్టంగా ఉంటే చెవి ఉండదు. ఎఫ్/22కి వెళ్తే చిన్న రంధ్రం అంచుల్లో వెలుగు చెదరడం (డిఫ్రాక్షన్) వల్ల ఫొటో మొత్తం మసకబడుతుంది. ఎఫ్/8, ఎఫ్/11 దగ్గర ఆగి, ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ వరసగా తీసి సాఫ్ట్‌వేర్‌లో కలపడం మేలు. ఫోను సెన్సర్ చిన్నది కాబట్టి ఈ విషయంలో మీకు కొంత వెసులుబాటు ఉంది.

ట్రైపాడ్ ఉంటే వెలుగు తక్కువనే బాధే లేదు. బొమ్మ ఊపిరి పీల్చదు, ఒక సెకను ఎక్స్‌పోజర్ ఇచ్చినా కదలదు. 2 సెకన్ల టైమర్ పెట్టి చెయ్యి తీసేయండి. మూడో లైటుకి పెట్టాలనుకున్నది దీని మీద పెట్టండి.

కిటికీ వెలుగుని, బల్బు వెలుగుని కలపకండి. పగటి వెలుగు రంగు సుమారు 5500 కెల్విన్ (అంకె పెరిగేకొద్దీ నీలం వైపు, తగ్గేకొద్దీ నారింజ వైపు), పసుపు బల్బు 2700 నుంచి 3000. ఒక పక్క నీలం, ఇంకో పక్క నారింజ పడితే ఏ వైట్ బ్యాలెన్సూ రెండింటినీ సరిచేయలేదు. రంగులేసిన బొమ్మలకి ఎల్ఈడీ సీఆర్ఐ (లైటు రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె, గరిష్ఠం 100) 95 పైన ఉంటే మంచిది. తక్కువ రకం వాటిలో ఎరుపులు, చర్మం రంగు చచ్చిపోతాయి. స్క్రీన్ మీద చారలు పాకుతుంటే అది ఎల్ఈడీ మిణుకు. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట సెకనుకి 100 సార్లు మిణుకుతుంది కాబట్టి షట్టర్ తెరిచి ఉండే సమయం 1/50 లేదా 1/100 సెకను పెట్టాలి, 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60 లేదా 1/120.

తీసే ముందు మెత్తటి మేకప్ బ్రష్‌తో, గాలి బుడ్డితో దుమ్ము దులపండి. పక్క వెలుగులో ఒక్క దారప్పోగు తాడంత కనిపిస్తుంది, దాన్ని కంప్యూటర్‌లో తుడవడం కన్నా ఇప్పుడు ఊదేయడం సులువు. బొమ్మ నిలబడకపోతే పాదం కింద చిటికెడు మైనం అంటించండి. పింగాణీని గుడ్డతో పట్టుకోండి, వేలిముద్రలు ఆ పొడవాటి మెరుపు పట్టీలోనే సరిగ్గా కనిపిస్తాయి.

టెంటు పారేయకండి. దాని ఒక గోడ కుట్లు విప్పితే పింగాణీకి మంచి డిఫ్యూజర్ గుడ్డ దొరుకుతుంది. మిగతా మూడు గోడల లోపలివైపు నల్ల కాగితం అంటించి, విప్పిన వైపు నుంచి ఒక్క లైటు వేస్తే, గది ఎంత తెల్లగా ఉన్నా అక్కడి గోడల వెలుగు బొమ్మ మీదికి రాదు.